పులి లేని పులిగుర్తు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కళాశాలల ఫుట్‌బాల్ ఆట యనగా మన కళాశాలల వార్షిక క్రీడోత్సవమువలె తమలో తాము జరుపుకొను ముచ్చట కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయమువారి స్టేడియములో ఒక్క శనివారమునాడు లక్షకు మించిన జనము కూర్చుండును. ఆ జనములో చిట్టచివరి వరుసయందున్నవానికి ఆటగాని ముఖము కనబడదు, వీపుమీది అంకె సయితము ఆనదు, కాని తలమీది హెల్మెట్టు ఎవరిదో క్షణములో తెలియవలయును. 1938లో ఆ జట్టుకు శిక్షకుడుగా వచ్చిన ఫ్రిట్జ్ క్రిస్లర్, హెల్మెట్టు ముందుభాగమున పసుపురంగు రెక్కలవంటి రూపమును వేయించినది అలంకారప్రీతిచేత మాత్రమే కాదు. బంతి విసరువాడు దూరముగా పరుగెత్తుచున్న తనవానిని ఒక్క చూపున పోల్చుకొనవలెనన్న అక్కర కూడ అందులో నున్నది. ఎనుబది యేండ్లు దాటినను ఆ రెక్కలు నేటికిని ఆ తలలమీదనే యున్నవి.

తెలుగు రాష్ట్రములనుండి ఏటేట వేలకొలది విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయములకు పోవుచుండుటవలన, ఆ జట్ల గుర్తులు ఇప్పుడు మన వీధులలోనికిని వచ్చినవి. విజయవాడలో కృష్ణ యొడ్డున ఉదయపు నడకకు బయలుదేరిన పెద్దమనిషి టోపీమీద టెక్సాస్ ఎద్దు కొమ్ములు కనబడును. అది ఏ ఆటదని యడిగినచో, ఆటసంగతి తెలియదు గాని మావాడు చదివే కాలేజీదని చెప్పును. ఆట నెన్నడును చూడనివాని తలమీదకూడ నిలువగలిగి, తన యూరిని, తన జట్టును చాటగలుగుచున్న యీ గుర్తులలో మంచిదేది, కానిదేది యను విచారము అందువలన మనకును పరాయిది కాదు.

ముందుగా ముద్రకును లోగోకును గల భేదమును గుర్తింపవలయును. కట్టమంచి రామలింగారెడ్డిగారి మార్గదర్శకత్వమున కౌతా రామమోహనశాస్త్రిగారు చిత్రించిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ముద్రలో ఉదయించుచున్న సూర్యుడు, కమలము, స్వస్తికము, కాపున్న రెండు నాగములు గలవు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క భావము కలదు. పట్టా చేతపట్టుకొని తీరికగా చూచువానికి అదియొక చిన్న గ్రంథమే. కాని ఆ ముద్రనే చొక్కా ఛాతీమీద కుట్టి కబడ్డీకోర్టులో నిలబెట్టినచో ఇరువది గజముల దూరమున అది గుండ్రని మరక యగును. ఇది ముద్ర యొక్క లోపము కాదు. చదువవలసినదానిని చూడవలసినచోట పెట్టినవారి లోపము.

ఇక నేను చెప్పదలచిన మాట ఒక్కటే. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరదేశీయుడైన ఆనందవర్ధనుడు, కావ్యమునకు ఆత్మ వాచ్యార్థము కాదనియు, పలుకని పలుకై స్ఫురించు ధ్వని యనియు నిరూపించెను. కళాశాల జట్టు లోగోవిషయమునను ఇదే న్యాయమని నా నమ్మకము. చూపినది తక్కువై స్ఫురించునది ఎక్కువైన గుర్తు మంచిది. ఉన్నదంతయు చూపి స్ఫురింపవలసినదేమియు మిగుల్చని గుర్తు ఎంత నిపుణముగా గీచినను చెడ్డది.

దీనికి దక్షిణ కరోలినాలోని క్లెమ్‌సన్ విశ్వవిద్యాలయముకంటె చక్కని నిదర్శనము లేదు. ఆ జట్టుకు పులి చిహ్నము. 1970లో ఆ చిహ్నమును కొత్తగా దిద్దింపదలచి, విశ్వవిద్యాలయమువారు సమీపమున గ్రీన్‌విల్ పట్టణములోని హెండర్సన్ ప్రకటనల సంస్థకు పని యప్పగించిరి. ఆ సంస్థవారు దేశములో పులి పేరు పెట్టుకొన్న కళాశాలలకెల్ల వ్రాసి వారి వారి పులిబొమ్మలను తెప్పించి చూడగా, తేలినదేమనగా పులులన్నియు ఒక్కటే. కోరలు, చారలు, మీసములు. ఒక కళాశాల పులిని మరియొక కళాశాల పులిప్రక్కన నిలిపినచో కన్నతల్లియు పోల్చుకొనలేదు. అప్పుడు జాన్ ఆంటోనియో అను చిత్రకారుడు పులిని విడిచిపెట్టి దాని పాదమును పట్టుకొనెను. చికాగోలోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలనుండి బెంగాలుపులి పాదపు ప్లాస్టరు అచ్చు తెప్పించి, దానినుండి గుర్తు తీసి, కొంచెము కుడివైపునకు ఒరగనిచ్చి, నారింజరంగు పూసిరి. ఆ ఒరుగు గడియారమున ఒంటిగంట స్థానమును చూపుననియు, ఆనాడు ఆట మొదలగు వేళ యదియే యనియు చెప్పుకొందురు. అడుగుభాగమున కొక్కెమువంటి చిన్న వంపు కలదు. అది ఆ పులి కాలిమీది పాత గాయపు మచ్చయట. చక్కదిద్దువారి చేయి ఆ వంపును చెరిపివేయకపోవుట ఆ గుర్తు అదృష్టము.

పులి లేదు, పులి యిటు పోయినదన్న జాడ మాత్రమున్నది. పోయిన పులి ఎంతటిదో, ఎటు దాగినదో చూచువాని మనస్సే కల్పించుకొనును. ఆ కల్పించుకొన్న పులిముందు గీచిన పులి యేదియు నిలువజాలదు. ఆ యూరికి పోవు రహదారులమీద నారింజరంగు పాదములు వరుసగా వేసియుండును. ఏ అక్షరమును లేకయే దారి తెలియును. ఇంతకంటె ధ్వనికి ఉదాహరణ మేమి కావలయును?

టెక్సాస్ విశ్వవిద్యాలయపు కథ మరియొక తీరుది. డారెల్ రాయల్ అను శిక్షకుని కోరికపై 1961లో రూస్టర్ ఆండ్రూస్ అను ఆటసామాను వర్తకుడు, దీర్ఘశృంగముల యెద్దు తలను ముదురు నారింజరంగు నీడగా మాత్రమే రూపొందించెను. కన్నులు లేవు, ముక్కుపుటములు లేవు, కోపము లేదు. అంతకు ఆరేండ్లుముందే, 1955లో, హార్లీ క్లార్క్ అను విద్యార్థినాయకుడు చూపుడువ్రేలిని, చిటికెనవ్రేలిని నిక్కించి, నడిమి రెండువ్రేళ్ళను బొటనవ్రేలితో అదిమిపట్టి, యిది మన యెద్దుకొమ్ములని సభలో చూపించియుండెను. కూచిపూడి నేర్చిన పిల్లనెవరినైన అడుగుడు. ఆ హస్తము దాదాపు మన సింహముఖమే యని చెప్పును. ఇచ్చట సింహమైనది అచ్చట వృషభమైనది! ఏమైనను, వేలకొలది ప్రేక్షకులు లేచి నిలిచి తమ చేతులతోనే జట్టు గుర్తును పట్టగలుగుట ఏ లోగోకైనను దుర్లభమైన భాగ్యము. చేతితో పట్టరాకపోయినను, పదేండ్ల పిల్లవాడు నోటుపుస్తకపు అట్టమీద జ్ఞాపకముతో గీయగలుగునా యనునది నేను పెట్టు రెండవ పరీక్ష. పులిపాదము నెగ్గును, ఎద్దుకొమ్ములు నెగ్గును. నేడు వెలువడుచున్న లోగోలలో పెక్కు నెగ్గవు.

మన ప్రాచీన కవులు పద్మబంధ నాగబంధములలో అక్షరములను రేకులయందును మెలికలయందును పొదిగి పద్యమును బొమ్మ చేసిరి. పండితులు దానిని చిత్రకవిత్వమని కొంత చిన్నచూపు చూచిరి, అది న్యాయమే కావచ్చును. కాని జట్టు గుర్తునకు ఆ విద్య అక్కరకు వచ్చును. వాషింగ్టన్ రాష్ట్రములోని పుల్‌మన్ పట్టణమున, 1936లో, కళాశాలకు బోర్డులు వ్రాసి చదువుకొనుచుండిన ర్యాండల్ జాన్సన్ అను విద్యార్థి, కళాశాల పేరులోని మూడు పొడియక్షరములను వంచి, మెలిపెట్టి, కూగర్ అను కొండసింహము ముఖమును తీసెను. తెలిసినవాడు అక్షరములను చదువును, తెలియనివాడు మృగమును చూచును. రెండును ఒక్క గీతలోనివే. 1959లో ఆ కళాశాల విశ్వవిద్యాలయమై మూడవ అక్షరము మారవలసివచ్చినప్పుడు, దానిని సరిదిద్దినవాడును ఆ జాన్సనే. బొమ్మ ఒక విద్యార్థి చేతినుండి పుట్టినది, అతని చేతులమీదనే పెరిగినది.

మౌనముకూడ లోగో కావచ్చును. పెన్ స్టేట్ ఆటగాండ్ర తెల్లని హెల్మెట్టుమీద నడుమ ఒక్క నీలిచార తప్ప మరేమియు లేదు. అందరును ఏదో యొకటి అంటించుకొన్న మైదానమున ఏమియు అంటించుకొననివాడే దూరమునుండి తెలియును. గుర్తేమియు లేనిచోట రంగే మాటాడును; ఆ రంగుబలమును న్యాయస్థానములుకూడ ఒప్పుకొన్నవి. లూసియానా స్టేట్, ఓహాయో స్టేట్, ఓక్లహోమా, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముల పేరుగాని లోగోగాని వేయక, వారి రంగులను, ఆటల ప్రస్తావనలను మాత్రమే వేసి టీ-షర్టులమ్మిన స్మాక్ అపారెల్ సంస్థపై వచ్చిన వ్యాజ్యములో, 2008లో ఐదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము విశ్వవిద్యాలయముల పక్షముననే తీర్పు చెప్పెను. వ్యాపారులకు ఇది కష్టము కలిగించు తీర్పే. కాని రంగు చూచినంతనే జట్టు స్ఫురించుననుట అచ్చట సాక్ష్యములతో తేలిన సంగతి.

ఇట్టివి కన్నులయెదుట నుండగా, గత ముప్పది యేండ్లుగా వచ్చిన లోగోలలో అధికభాగము పండ్లు పటపట కొరుకుచున్న మృగముఖములగుట వింతగా నున్నది. గద్దకు కనుబొమలు ముడివడును, ఎద్దు ముక్కునుండి పొగలు వచ్చును, కందిరీగకు సయితము కండలు పొంగును. నాలుగైదు రంగుల నీడలు, వాటిచుట్టు తెల్లని అంచు, ఆ యంచుచుట్టు నల్లని అంచు. కంప్యూటరు తెరమీద మెరయును, కుట్టుపనివాని సూదికి లొంగదు. రౌద్రము నవరసములలో నొకటియే గదా. తక్కిన యెనిమిదిటికి కళాశాల మైదానమున ప్రవేశము లేదా? ఆరెగాన్ విశ్వవిద్యాలయమువారికి బాతు చిహ్నము. 1947లో వారి క్రీడాధికారి లియో హారిస్, వాల్ట్ డిస్నీతో చేయికలిపిన మాటమాత్రపు టొప్పందముతో డోనాల్డ్ బాతు రూపమును తెచ్చుకొనెను. హాస్యమూర్తియైన ఆ బాతును చూచి ప్రత్యర్థి భయపడడు, కాని మరచిపోడు. శాంతాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఇంకను ముందుకు పోయిరి. అధికారులు సముద్రసింహమును ఇష్టపడగా, వారు తమ రెడ్‌వుడ్ అడవులలో ప్రాకు పెంకులేని పసుపు నత్తకే ఓటు వేసిరి. 1986లో అదియే అధికార చిహ్నమైనది. నత్త పేరు పెట్టుకొన్న జట్టు ఓడినను నవ్వగలదు, గెలిచినచో చెప్పనే అక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యముగా ఆ నత్త ఆ యడవిది. ఆ పసుపు ఆ నేలది.

ధ్వని యని నేనింత పొగడుచున్నను, దానికి లొంగని వస్తువు ఒకటి కలదు: మానవుడు. ఉత్తర డకోటా విశ్వవిద్యాలయపు గుర్తుగా నుండిన, సూ అను ఆదివాసి జాతి వీరుని ముఖచిత్రమును గీచినవాడు బెనెట్ బ్రియెన్ అను ఆదివాసి చిత్రకారుడే. గంభీరమైన రేఖ, పరిహాసలేశము లేని ముఖము. 2001లో తెరచిన అచ్చటి హాకీ మందిరములో దాత కోరికచొప్పున ఆ ముఖమును రాతిలోను, ఇత్తడిలోను, కుర్చీలమీదను వేలసంఖ్యలో పొదిగించిరి. 2005లో కళాశాలల క్రీడలను నడపు సంఘమైన ఎన్‌సీఏఏ వారు ఇట్టి చిహ్నములను తమ ఛాంపియన్‌షిప్ పోటీలనుండి బహిష్కరించిన తరువాత వివాదము ముదిరెను. సూ జాతిలోని స్పిరిట్ లేక్ తెగవారు 2009లో ఓటుద్వారా సమ్మతించిరి, స్టాండింగ్ రాక్ తెగ పాలకమండలి సమ్మతింపలేదు. 2012లో జట్టుకు సూ పేరు పోయి, 2015లో జట్టు డేగలైనది. ఫ్లోరిడా స్టేట్‌కు సెమినోల్ తెగవారి యంగీకారముండుటవలన ఆ పేరు నిలిచినది. కావున గీత చక్కదనము ఇచ్చట తీర్పరి కాదు. పులి పాదమును తీసుకొన్నచో పులి వచ్చి యడుగదు. ఒక జాతి ముఖమును తీసుకొన్నవాడు ఆ జాతిని అడిగి తీరవలయును, కాదన్నచో విడిచిపెట్టవలయును. బొమ్మ బాగున్నది గదా యని వాదించినవారిలో సజ్జనులు కలరు. వారి వాదము మాత్రము నాకు రుచింపదు.

మన విశ్వవిద్యాలయముల జట్లు అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు పోవునప్పుడు చొక్కా వీపున పేరు, ఛాతీమీద ముద్ర, అంతటితో సరి. వారికొక గుర్తు కావలయునని నేను కోరుట అమెరికావారి యనుకరణకు కాదు; పదునైదు జట్లు నీలిచొక్కాలతో దిగినప్పుడు మనవారెవరో మనకే తెలియుటకు. విశాఖలో సముద్రములోనికి ముక్కు చాచిన డాల్ఫిన్స్ నోస్ కొండ యొక్క ఒక్క వంపుగీత చాలును. చేపను గీయవలదు, అలలను గీయవలదు, పేరు వ్రాయవలదు. తిరుపతివారికి కొండల వరుస కలదు. అవి గీయుటకు విద్యార్థులనే పిలువుడు. వచ్చిన బొమ్మలను సున్నముతో మైదానపు గోడమీద వేయించి, ఆవలి గోలుపోస్టువద్ద నిలిచి చూడుడు. ఎంపికసంఘములో ఆచార్యులకంటె ఆటగాండ్రు హెచ్చుగా నుండవలయును; లేనిచో ఒకరు దీపమును, ఒకరు పుస్తకమును, ఒకరు హంసను చేర్చుమందురు. ఎన్నుకొన్న గుర్తును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించి, ముప్పది యేండ్లవరకు ఏ కొత్త ఉపకులపతియు దానిని ముట్టరాదని తీర్మానము వ్రాయించినచో మరియు మంచిది.