పెళ్ళిచీర కొందాం, అప్పు కొనొద్దు

మాఘమాసం వచ్చిందంటే మన వాడల్లో పెళ్ళిళ్ళు. ఇంటిల్లిపాదీ టౌనుకు పోయి బట్టలు కొనే రోజులు.

కొత్తబట్ట మనకు ఊరికే రాలేదు. మాలమాదిగలు మంచిబట్ట కడితే ఊరు కళ్ళెర్రజేసిన కాలం మన తాతలు చూసిండ్రు. 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఆడవాళ్ళకు చెప్పిండు, అంటరానితనాన్ని చూపెట్టే ఆ చీరకట్టు మార్చమని. దళితులు నలుగురిలో కొత్తబట్టలు కట్టకుండా, పెళ్ళి ఊరేగింపు తీయకుండా అడ్డుకోవడం అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం నేరం. చట్టంలో ఆ మాట రాయాల్సి వచ్చిందంటే ఆ అడ్డుకోవడం ఇంకా పోలేదనే గదా!

కనుక పిల్లకు మంచి చీరే కొనాలె. కానీ అక్కలారా, అన్నలారా, ఎవరి డబ్బుతో? దొర దగ్గరో వడ్డీవ్యాపారి దగ్గరో నోటు రాసి తెచ్చిన పట్టుచీర ఒక్కపూట కట్టి పెట్టెలో పెడతం. అప్పు పెట్టెలో పడి ఉండదు. కూలిరేటు అడిగేనాడు, ఓటు వేసేనాడు మన గొంతు పట్టుకుంటది. పెళ్ళప్పు కింద జీతముండి అరిగిపోయిన తండ్రులు మనకు తెలియనివాళ్ళా? వెట్టి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. అప్పు కింద వంగిన తల ఇంకా లేవలేదు.

చేతిలో ఉన్నంతలో నేత సంఘంలో నూలుచీర కొన్నా పెళ్ళి పెళ్ళే. తలెత్తి కట్టుకున్నదే పెళ్ళిచీర.

జై భీమ్!