పైపుకు లెక్కుంది, మనిషికేది?

పాలకుర్తి దిక్కు మాదిగ వాడ నుంచో, మాల వాడ నుంచో, వడ్డెర గుడిసె నుంచో ఒక పిల్లగాడు వరంగల్లుకు పోయి సివిల్ ఇంజనీరింగుల చేరిండనుకుందాం. మేస్త్రీ కాడ తట్ట మోసే తల్లి అడుగుతది: "నాలుగేండ్లు ఏం నేర్పుతరు బిడ్డా? ఇల్లు కట్టుడు మాకు రాదా?" నవ్వి ఊకునే మాట కాదిది. జవాబు చెప్పాలె.

మొదలు సర్వే నేర్పుతరు. గుంటర్ గొలుసు 66 అడుగులు. 10 చదరపు గొలుసులైతే ఎకరం, అంటే మన 40 గుంటలు. మంచి చదువే. కొలత తెలువక మనోళ్లు ఎంత భూమి పోగొట్టుకున్నరో మనకెరికే. కాని 1940లల్ల ఇదే పాలకుర్తిల చాకలి ఐలమ్మ చేసుకునే నాలుగెకరాల మీద విస్నూరు దేశ్‌ముఖ్ కన్ను ఎందుకు పడ్డది? ఆమె పంట ఇంటికి చేరడానికి సంఘం ఎందుకు నిలబడవలసి వచ్చింది? గొలుసు పాఠంలో ఈ ముచ్చట ఉండదు.

తర్వాత నీటిపారుదల. ఒక క్యూసెక్కు నీళ్లకు ఎన్నెకరాలు పారుతదో చెప్పేది డ్యూటీ. పంట కోతకొచ్చేదాకా ఎంత లోతు నీళ్లు కావాలెనో చెప్పేది డెల్టా. ఈ పేర్లు వినకుండనే ఈ పని చేసినోడు మన నీరటి. తూము తెరిచి, ఏ మడికి ఎంతసేపు అని పంచిన ఆ పని చాలా ఊర్లల్ల మాల మాదిగలదే. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వించిన కాకతీయులు పుస్తకాలకెక్కిన్రు. తూముల దిగిన నీరటి ఎక్కలేదు.

ఇగ మురుగునీటి పాఠం. మోరి వాలు ఎంత, మ్యాన్‌హోల్ ఎంత దూరానికొకటి, సెప్టిక్ ట్యాంకు ఎంత సైజు, అన్నిటికీ లెక్కుంది. మురుగు నిలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతది. అది పైపు లోపలి కప్పు మీద గంధకామ్లమై కాంక్రీటును తింటది. గనుక మురుగు నిలవకుండ వాలు పెట్టాలె అని నేర్పుతరు. అదే గాలి మనిషినేం చేస్తది? కొంచెముంటే కుళ్లిన గుడ్ల వాసన. ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలువదు, మనిషి అక్కడికక్కడే కూలుతడు. మనిషి దిగేటప్పటి జాగర్తలు పుస్తకంలో ఉన్నా, దిగేది ఏ కులపోడో, ఎందుకు వాడే దిగాలెనో ఆ పుస్తకం అడగదు.

చట్టం లేక కాదు. పాకీ పనిని నిషేధిస్తూ 1993ల ఒకటి, 2013ల ఇంకొకటి వచ్చినయి. 1993 నుంచి మోరీలల్ల చచ్చిపోయినోళ్ల కుటుంబాలకు 10 లక్షలియ్యాలని 2014 మార్చిల సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరుల దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది గని దిగుడు ఆగలేదు.

ఇదంతా ఈ చదువొద్దని చెప్పడానికి కాదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్ల లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు నీటిపారుదల, కరెంటు పనులు ఆయన శాఖ కిందనే ఉండె. దామోదర్ లోయ పథకానికి పునాది అప్పుడే పడ్డది. అసోంటి పనులల్ల మనోళ్లు తట్ట మోసుడే కాదు, నక్షా గీయాలె. వరంగల్లుల 1959ల పెట్టిన ఆర్.ఇ.సి. 2002ల ఎన్.ఐ.టి. అయింది. కాలేజీల పేర్లు మారినయి, పాఠాలు సుత మారాలె. నీరటిని క్లాసుకు పిలవాలె. మోరీల పనిచేసినోళ్ల మాట వినాలె. పరీక్షల "మనిషి దిగే అవసరమే లేని మ్యాన్‌హోల్ డిజైన్ చేయుము" అని ప్రశ్న రావాలె.

చదువుకునే తమ్ముల్లారా, చెల్లెండ్లారా! ఆ ప్రశ్న రాకపోతే మీరే లేచి అడగండి. తట్ట మోసిన తల్లికి మీరియ్యవలసిన జవాబు అదే.