వెదురుకంచెయు ప్రాణరక్షయు

మన బొగ్గుసీమలో లారీలు పోవు త్రోవల ప్రక్కనే బాలబాలికలు బడికి నడచుచుందురు. అదుపు తప్పిన బండిని వారిమీదికి రానీయక ఆపవలసినది త్రోవ యంచున నుండు కంచె. అది గోడవలె నెదిరింపక, కొంత వంగి బండి వేగమును తాను భరించి, బండిలోనివారినిగూడ కాపాడవలెను.

ఇట్టి పని ఉక్కునకే చెల్లునని పలువురి తలంపు. కాని పొరుగు మహారాష్ట్రమున వణి–వరోరా రహదారిపై 200 మీటర్ల వెదురుకంచెను నిలిపిరని 2023 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీగారు ప్రకటించిరి. దాని పేరు 'బాహు బల్లి'.

వెదురునకు చెదలు పట్టదా, నిప్పంటుకొనదా యని కొంద రడుగుదురు. అందులకే దానికి క్రియోసోటు తైలము పట్టించి, పైన ప్లాస్టిక్కు పూత వేసిరి. పీథంపూరున తాకిడి పరీక్షయు, రూర్కీలో అగ్నిపరీక్షయు జరిగినవి. పూతలు ప్రకృతిసిద్ధములు కాకున్నను, వెదురు నరికినచోటనే మరల మొలచును, ఉక్కు మొలవదు.

అయితే అచట వాడినది బాల్కోవా జాతి. మన ఆదిలాబాదు అడవుల వెదురు వేరు. కావున మన వెదురును ముందుగా పరీక్షింపవలెను. లేదా బాల్కోవాను పొలములలో పెంచవలెను. అడవి వెలుపల పెంచిన వెదురును నరకుటకు 2017 నుండి అటవీచట్టపు అనుమతి యక్కరలేదు గనుక రైతునకును లాభమే.

జైపూరుమీదుగా పోవు మంచిర్యాల–చెన్నూరు త్రోవలో నొక మలుపుకడ దీనిని నిలిపి చూడవలెనని మా మనవి. చౌకయని కాదు, నిలుచునని రుజువైన పిమ్మటనే. విద్యార్థులారా! కంచె యున్నను జాగరూకత విడువకుడు.