చెప్పుకోలేని బాధ – సూదుల వైద్యం



మన తీరప్రాంత సంఘాలలో కొందరు తల్లులు ఎప్పుడూ చివరి వరుసలో, గుమ్మం పక్కనే కూర్చుంటారు. ప్రార్థన మధ్యలో లేచి వెళ్ళిపోతారు. కొంతకాలానికి కూడికలకు రావడమే మానేస్తారు. వారికి భక్తి తగ్గిందని మనం అనుకుంటాం. అసలు సంగతి వేరు. దగ్గినా, తుమ్మినా, చేపల తట్ట ఎత్తినా వారికి మూత్రం పడిపోతుంది. నలుగురైదుగురు బిడ్డలను కని, ఉప్పు కొఠారులలో, రొయ్యల గుంటల దగ్గర బరువులు మోసిన ఒళ్ళు అది. కటి భాగంలోని కండరాలు సడలిపోతాయి. భర్తకు కూడా చెప్పుకోరు. సువార్తలలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ జనం మధ్య వెనుకనుండి వచ్చింది గదా, ఆమె సిగ్గు ఈ తల్లులకు బాగా తెలుసు.

ఈ బాధకు ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా, విశ్వాసి ఆ సూదులు పొడిపించుకోవచ్చునా అని మమ్మల్ని అడుగుతున్నారు. రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పవలసిందే.

ఇది సూదిమందు కాదు. వెంట్రుకలాంటి సన్నని సూదిని గుచ్చి కొంతసేపు ఉంచుతారు, అందులో మందేమీ ఉండదు. చైనాలో పుట్టిన వైద్యమిది. 1938లో ఆ దేశానికి వెళ్ళిన భారత వైద్య బృందంలోని డాక్టరు బి.కె. బసు తరువాతి కాలంలో దీనిని నేర్చుకొని కలకత్తాకు తెచ్చారు.

దగ్గితే మూత్రం పడిపోయే స్త్రీల మీద జరిగిన పెద్ద పరీక్ష 2017లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. చైనాలోని 12 ఆసుపత్రులలో 504 మంది స్త్రీలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు నడుము కింద, తోక ఎముక దగ్గర సూదులు గుచ్చి సన్నని కరెంటు పంపారు. రెండో గుంపుకు ఉత్తుత్తి సూదులు పెట్టారు. 6 వారాలలో 18 సార్లు ఇలా చేశారు. గంటసేపు నడిపించి, దగ్గించి, గుడ్డకు అంటిన తడిని తూచారు. మొదట సుమారు 18 గ్రాములున్నది నిజం సూదుల వారికి 9.9 గ్రాములు తగ్గింది, ఉత్తుత్తి సూదుల వారికి 2.6 గ్రాములే తగ్గింది. అంటే మేలు ఉన్నది. అయితే పూర్తిగా ఆగిపోలేదని కూడా గమనించాలి.

పురుషులు నవ్వుకోనక్కరలేదు. ప్రోస్టేటు గ్రంథి వాపు వలన నెలల తరబడి పొత్తికడుపులో నొప్పితో బాధపడే 440 మంది మగవారికి 8 వారాలలో 20 సార్లు సూదులు పెట్టి చూడగా, నూటికి 60 మందికి బాధ తగ్గింది. ఉత్తుత్తి సూదులతో నూటికి 37 మందికి తగ్గింది. ఇది 2021లో ప్రచురించారు. ఉత్తుత్తి సూదికే అంతమందికి నెమ్మది కలిగిందంటే, పక్కన కూర్చొని ఓపికగా పలకరించే మనిషి ఉండడమే సగం మందు అని మాకు తోస్తుంది.

మాటిమాటికీ మూత్రానికి పరుగెత్తవలసి వచ్చే జబ్బు సంగతి అంత తేటగా లేదు. 2022లో 15 పరిశోధనలను కలిపి చూసిన పండితులు గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. కాని చీలమండ లోపలివైపు, కొంచెం పైన సూది గుచ్చి కరెంటు పంపే పద్ధతి ఒకటి అమెరికా ఆసుపత్రులలో ఉన్నది. వారానికి ఒకసారి, అరగంట చొప్పున 12 వారాలు చేస్తారు. కాలికి సూది గుచ్చితే మూత్రాశయం ఎలా నెమ్మదిస్తుంది? ఆ కాలి నరమూ, మూత్రాశయపు నరాలూ వెన్నుపూస అడుగున ఒకే చోటికి చేరతాయి.

విశ్వాసపు ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఒంట్లో ఏదో శక్తి కాలువలుగా ప్రవహిస్తుందని చైనా పూర్వులు చెప్పిన దానిని మనం నమ్మనక్కరలేదు. సూది ఇనుము, నరం దేవుడు చేసినది. వైద్యుడు వైద్యం వరకే చేస్తే విశ్వాసికి అభ్యంతరం లేదని మా అభిప్రాయం. మంత్రం చదవమన్నా, తాయెత్తు కట్టుకోమన్నా లేచి వచ్చేయండి.

భారత ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను 2003లో చికిత్సా విధానంగా అంగీకరించి, 2019లో స్వతంత్ర వైద్య పద్ధతిగా గుర్తించింది. అంతమాత్రాన ఊళ్ళో నాలుగు రోజులు శిబిరం వేసి సర్వరోగాలూ పోగొడతామనే వారందరూ వైద్యులు కారు. కొత్త సూదుల పొట్లం మీ కళ్ళముందే విప్పమనండి. వాడిన సూదితో పచ్చకామెర్లు, ఎయిడ్స్ రాగలవు.

అన్నిటికంటె ముందు డాక్టరుకు చూపించుకోండి. మూత్రంలో రక్తం, మంట, చలిజ్వరం, గర్భసంచి జారడం, అదుపులేని చక్కెర వ్యాధి, వీటిని సూది బాగుచేయదు. మగ డాక్టరుకు చూపించుకోలేని స్త్రీల కోసమే గదా నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషనెరీలు స్త్రీల ఆసుపత్రి నడిపారు, వెల్లూరులో 1900లో ఐడా స్కడర్ దొరసానిగారు వైద్యం మొదలుపెట్టారు. ఈనాడు లేడీ డాక్టర్లు నెల్లూరులోనే ఉన్నారు. కాపరి భార్యలు ఒక అక్కను తోడు తీసుకొని వెళ్ళగలిగితే చాలు.

సూదికి డబ్బు లేనివారికి డాక్టర్లు ముందుగా చెప్పేది ఒక వ్యాయామం. కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో వివరించారు. వాయువును, మూత్రాన్ని ఆపుకుంటున్నట్టుగా లోపలి కండరాలను పైకి బిగించి, కొన్ని క్షణాలు ఉంచి వదలాలి. పొట్టను, తొడలను బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. ఒక్కొక్క పూటకు 8 నుండి 10 సార్లు, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు చేయాలి. రొయ్యలు ఒలుస్తూ చేసుకున్నా పక్కనున్న వారికి తెలియదు.