వేలిముద్ర పడని చేతులకు దారి చూపండి

వికారాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,
తాండూరు, యాలాల్, పెద్దేముల్, బషీరాబాద్ మండలాల నాపరాయి, సిమెంటు కార్మికులు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: రేషన్ దుకాణాల్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర వేలిముద్రకు ప్రత్యామ్నాయం, మా ఆధార్ వివరాలకు భద్రత.

ఆర్యా,

తాండూరు బండను గనిలో చీల్చి, పాలిష్ మిషన్ దగ్గర నీళ్లలో నిలబడి, లారీకెత్తే చేతులు మావి. రాయి రాపిడికి, సిమెంటులోని క్షారానికి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. డీలర్ దగ్గర ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడదు. తడిగుడ్డతో తుడిచి ఇంకో వేలు, అదీ కాకపోతే రెండో చెయ్యి. వరసలో వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. చివరికి "రేపు రా" అంటారు. రేపు రావాలంటే ఒక రోజు కూలి పోవాలి.

ఈ చిక్కు ప్రభుత్వానికి కొత్త కాదు. వేలిముద్ర పడలేదని ఎవరికీ సరుకు ఆపవద్దని, కంటిపాప (ఐరిస్) గుర్తింపు, ఓటీపీ వంటివి వాడాలని, అవీ కుదరకపోతే రిజిస్టరులో రాసుకుని ఇవ్వాలని ఆధార్ సంస్థ 2017 అక్టోబరు 24 నాటి సర్క్యులర్‌లోనే చెప్పింది. కరోనా భయంతో 2021లో మన రాష్ట్రంలోనే ఓటీపీతో, ఐరిస్‌తో బియ్యం ఇచ్చారు. పద్ధతి ఉంది, పట్టుబట్టి నడిపించేవాళ్లే కావాలి. ఓటీపీ ఒక్కటే ఉంటే మాత్రం మాకు చాలదు. ఫోను పనికెళ్లిన కొడుకు దగ్గర ఉంటుంది, లేదా ఆధార్‌కిచ్చిన నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. అందుకే ప్రతి దుకాణంలో ఆ రిజిస్టరు ఉంచాలని, ముద్ర పడనివారి పేర్లు తహసీల్దారు కార్యాలయానికి నెలనెలా పంపించాలని అడుగుతున్నాం.

మా వేలు మమ్మల్ని గుర్తుపట్టనిచోట, దాని నకలు మాత్రం ఇంకొకరి చేతిలో పనిచేస్తుంది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల డీలరు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసినట్టు బయటపడింది. వేలిముద్రతో బ్యాంకు డబ్బు తీసే ఈ రోజుల్లో అలాంటి ముద్రకు ఆధార్ నంబరు తోడైతే చాలు, కూలి డబ్బు ఖాతాలోంచి పోవడానికి.

అయినా ఇక్కడ పనిలో చేరాలంటే కాంట్రాక్టరుకు ఆధార్ జిరాక్స్ ఇవ్వాలి, వాట్సాప్‌లో ఫొటో పంపాలి. పని మానేశాక ఆ కాగితం ఏ బీరువాలో ఉందో, ఆ ఫొటో ఏ ఫోన్లో ఉందో అడిగేవారు లేరు. 2018 సెప్టెంబరు 26 తీర్పులో సుప్రీంకోర్టు ఆధార్ చట్టం 57వ సెక్షన్‌లో ప్రైవేటు సంస్థలకు ఆధార్ వాడుకునే దారి తెరిచిన భాగాన్ని కొట్టేసింది. కాబట్టి చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటే చాలని, మనిషి మానేశాక అతని వివరాలు చెరిపేయాలని యాజమాన్యాలకు, కాంట్రాక్టర్లకు కార్మిక శాఖ ద్వారా రాతపూర్వకంగా చెప్పించండి. గేటు దగ్గర వేలిముద్ర పడని రోజు హాజరు పోకూడదు. ఫొటో ఉన్న కార్డు చూసి లోపలికి పంపాలి.

ఇంకొకటి, ఫ్యాక్టరీ కంప్యూటర్ల లాగిన్‌ల భద్రత. ఇది కూలివాళ్లు అడగాల్సిన విషయమా అని కొందరికి అనిపించవచ్చు. కిల్న్, కన్వేయర్, కరెంటు ఇప్పుడు కంట్రోల్ రూమ్ కంప్యూటర్ల మీద నడుస్తాయి. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడికి గురయ్యాయి. అలాంటిది ఫ్యాక్టరీలో షిఫ్టు మొత్తానికి ఒకే పాస్‌వర్డ్ ఉంటే, ఆగిన బెల్టును ఎవరు నడిపించారో ఎవరికీ తెలియదు. ఆ బెల్టు కింద చెయ్యి పెట్టి బాగుచేసేది మా మనిషి. ప్రతి ఆపరేటరుకు సొంత లాగిన్ ఉందా, మానేసిన కాంట్రాక్టు మనిషి లాగిన్, గేటు పాసు అదే రోజు రద్దవుతున్నాయా అన్నది ఫ్యాక్టరీల తనిఖీ అధికారితో తనిఖీ చేయించండి.

వచ్చే నెల రేషన్ పంపిణీ మొదలయ్యేలోగా డీలర్లకు రిజిస్టరు ఆదేశం ఇప్పించాలని, మిగతా విషయాలపై కార్మిక శాఖ, పౌర సరఫరాల శాఖ, ఫ్యాక్టరీల శాఖ అధికారులతో తాండూరులోనే మా ఎదుట సమావేశం పెట్టించాలని వేడుకుంటున్నాం.

ఇట్లు,
తాండూరు పరిసర నాపరాయి, సిమెంటు కార్మికులు