రాక్షసికి గొంతిచ్చిన రాణి

నూజివీడు పేరు చెప్పగానే నోట్లో నీళ్లూరతాయి. రసాల మహిమ అది! కాస్త సంగీతం తెలిసినవాళ్లు పనసచెక్కతో చేసే నూజివీడు వీణనూ తలుచుకుంటారు. సినిమా పాటను మాత్రం ఎవరూ ఈ ఊరితో ముడిపెట్టరు. పెట్టాలి. 1940ల్లో మద్రాసులో వరసగా తెలుగు సినిమాలు తీసిన శోభనాచల పిక్చర్స్ వేళ్లు ఈ మామిడితోటల్లోనే ఉన్నాయి. దాని యజమాని నూజివీడు జమీందారీ వంశానికి చెందిన మీర్జాపురం రాజా. సంస్థ పేరేమో ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఆగిరిపల్లి కొండమీది శోభనాచల స్వామిది. ఆ స్టూడియోయే తర్వాత వీనస్ స్టూడియో అయింది.

ఆ సినిమాల్లో వినిపించే ఒక గొంతు గురించే ఈ వారం ముచ్చట. రాజావారి భార్య, కథానాయిక, నిర్మాత... కృష్ణవేణి.

'ఎన్టీఆర్‌ను పరిచయం చేసిన నిర్మాత'. 2025 ఫిబ్రవరి 16న, నూరేళ్లు నిండాక, ఆమె కన్నుమూసినప్పుడు ఎక్కువమంది తలుచుకున్నది ఈ మాటతోనే. అందులో తప్పేమీ లేదు. 'మనదేశం' (1949) తీసింది ఆమే, అందులో పోలీసు వేషంతో రామారావు తెరకెక్కిన మాటా నిజమే. కానీ అప్పటికే పదమూడేళ్లుగా ఆమె పాడుతున్నారు. ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

కృష్ణవేణి 1924లో పంగిడిలో పుట్టారు. సి.పుల్లయ్య అంతా పిల్లలతోనే తీసిన 'సతీ అనసూయ' (1936)లో అనసూయ ఆమే. ఆ రోజుల్లో వేషం కట్టాలంటే పాడటం రావాల్సిందే. పాట, నటన రెండూ కెమెరా ముందే ఒకేసారి సాగాలి. శ్రుతి తప్పినా, మాట తడబడినా మళ్లీ మొదటికే! ఒకరు నటిస్తే మరొకరు పాడే పద్ధతి మనకు కాస్త ఆలస్యంగా వచ్చింది. 'భాగ్యలక్ష్మి' (1943)లో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి పాడటాన్ని దానికి మొదలుగా చెబుతారు. కన్నాంబ, శాంతకుమారి, సూర్యకుమారి, భానుమతి, ఎస్.వరలక్ష్మి... వీళ్లంతా సొంత గొంతుతో నిలబడ్డవాళ్లే. వీళ్లలో భానుమతి పాటలు ఇవాళ్టికీ నాలుకమీద ఉన్నాయి. వరలక్ష్మినీ మరిచిపోలేదు. అదే వరసలోని కృష్ణవేణి పేరు చెబితే మాత్రం 'ఆవిడ పాడారా?' అని అడుగుతారు.

పాడారు. అసలు 1949 ఒక్క ఏడాది చూస్తే చాలు. ఫిబ్రవరిలో 'కీలుగుర్రం' వచ్చింది. నిర్మాత, దర్శకుడు రాజావారే. హీరో అక్కినేని. రాజును వలలో వేసుకునే రాక్షసి వేషం అంజలీదేవిది. ఆ రాక్షసికి పాడింది ఎవరనుకున్నారు? స్టూడియో యజమాని భార్య! 'గొల్లభామ' (1947)లో కృష్ణవేణి నాయికైతే, అంజలి కొత్తగా వచ్చిన అమ్మాయి. రెండేళ్లు తిరిగేసరికి ఆ అమ్మాయి పెదవుల కోసం తన గొంతు అరువిచ్చారు. ఒక కథానాయిక మరొక నటికి పాడటం ఇప్పుడైతే ఊహించగలమా?

నవంబరులో 'మనదేశం' వచ్చింది. శరత్ 'విప్రదాస్' నవల ఆధారంగా ఎల్వీ ప్రసాద్ తీశారు. ఇందులో నాయకుడు సి.హెచ్.నారాయణరావుకు ఎం.ఎస్.రామారావు పాడితే, నాయిక తన పాట తానే పాడుకున్నారు. రెండు సినిమాలకూ సంగీతం ఘంటసాలదే. 'మనదేశం' యుగళగీతాలు వినండి. రాగాలు తీసి చప్పట్లు కొట్టించుకోవాలన్న యావ ఎక్కడా ఉండదు. నాటకాల పద్యపు ఫక్కీ పోయి, ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. తర్వాతి కాలంలో సినిమా పాట నడిచిన దారి అదే కదా!

మరి ఎందుకు మరిచిపోయాం? ఒక కారణం ఆ కాలమే. పాడినవాళ్ల పేరు రికార్డుమీద వేయడం అప్పటికింకా అలవాటు కాలేదు. అదే 1949లో హిందీ 'మహల్' రికార్డుమీద లతా మంగేష్కర్ పేరు బదులు పాత్ర పేరు 'కామిని' అని వేశారు. లతకే దిక్కులేదు! తర్వాత లీల, జిక్కీ, సుశీలల కాలం వచ్చింది. కృష్ణవేణి నిర్మాణంవైపు మళ్లారు. 'దాంపత్యం' (1957)తో రమేశ్ నాయుడిని తెలుగుకు తెచ్చారు. 2004 రఘుపతి వెంకయ్య పురస్కారం కూడా అందుకున్నారు. ఎంతమందిని పరిచయం చేశారో లెక్కపెట్టుకుంటూ ఆమె పాటను వదిలేశాం. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

'కీలుగుర్రం', 'మనదేశం' రెండూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అంతకుముందు సినిమాల పాటలు వినాలంటే పాత లక్క రికార్డులే దిక్కు. నిమిషానికి 78 చుట్లు, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. నూజివీడు, ఆగిరిపల్లి, మీర్జాపురం వైపు పాత మండువా లోగిళ్లలో తాతగారి గ్రామఫోను పెట్టె ఉందంటే ఓసారి అటక ఎక్కి చూడండి. రికార్డులు దొరికితే ఒకదానిమీద ఒకటి పేర్చకండి, అడుగున ఉన్నవి పగులుతాయి. నిలువుగా ఆనించి పెట్టండి. దుమ్మును పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. స్పిరిట్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. అది తగిలితే లక్క కరుగుతుంది, పాటా పోతుంది.