నీరిస్ పేరు – వానపాము చుట్టరికము

సముద్రము మన నార్కట్‌పల్లికి దూరము. మా విద్యార్థులలో పెక్కుమంది దానిని చూచి ఎరుగరు. అయినను జంతుశాస్త్రము చదువువారు నీరిస్ అను సముద్రపు పురుగును గురించి పుటలకొలది వ్రాయవలసి ఉన్నది. వారు చూచిన నీరిస్ సీసాలోని పాలిపోయిన నమూనా మాత్రమే. మేము తెలుగు బోధించువారము, శాస్త్రజ్ఞులము కాము. ఇది పేర్లకు సంబంధించిన విషయము గనుక రెండు మాటలు చెప్ప సాహసించుచున్నాము.

పాలీకీటా అనగా ఏమని ఒక విద్యార్థిని అడిగితిమి. "పాఠములో ఉన్నది సార్" అన్నాడు. 1850లో జర్మన్ శాస్త్రజ్ఞుడు గ్రూబె పెట్టిన ఈ పేరునకు గ్రీకు భాషలో 'పెక్కు వెండ్రుకలు కలది' అని అర్థము. మన పుస్తకములు వానిని శూకములన్నవి. శూకమనగా కంకిమీది ముల్లు. సజ్జకంకి చేతబట్టిన రైతుబిడ్డకు ఇంతకన్న చక్కని పోలిక ఏది? నీరిస్ గ్రీకు పురాణములలోని సాగరకన్య. 1758లో లినేయస్ ఆ పేరు పెట్టినాడు.

శాస్త్రనామములో మన వలెనే ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. 1921లో రౌలాండ్ సదరన్ చిల్కా సరస్సు మొదలగు తావుల పురుగులను వర్ణించుచు ఒకదానికి లైకాస్టిస్ ఇండికా అని పేరిడినాడు. నేడది నామలైకాస్టిస్ ఇండికా. ఇంటిపేరు మారినది, ఇండికా నిలిచినది. పేరిడినవాని పేరును, సంవత్సరమును కుండలీకరణములలో చేర్చి ఆ మార్పును సూచింతురు. ఈ శాస్త్రమున తెలుగుసీమకును పాలున్నది. 1958లో గణపతి, రాధాకృష్ణ గారలు వాల్తేరు తీరపు పాలీకీటు డింభకములపై తమ పరిశోధనను ప్రకటించిరి.

వర్గీకరణమును స్థిరము కాదు. సంచరించునవి ఎర్రాంషియా, గొట్టములలో బొరియలలో నుండునవి సెడెంటేరియా అనునది పందొమ్మిదవ శతాబ్దపు విభజన. 1977లో ఫౌచాల్డ్ దానిని విడిచి, అనేక క్రమములుగా విభజించినాడు. 2011లో జన్యుపరిశోధన ఆ రెండు పేర్లను కొంత మార్పుతో మరల నిలిపినది. అంతేకాదు, వానపాము, జలగ కూడ సెడెంటేరియా శాఖలోనివేనని చూపినది. ఉర్దూలో కేంచువా అని మనము పిలుచు చెలకలోని వానపాము సముద్రపు పురుగులకు పరాయిది కాదన్నమాట. దానిని వ్రేలితో నిమిరినపుడు గరుకుగా తగులునవి శూకములే.

లాటిన్ పేర్లనన్నిటిని తెలుగు చేయవలెనని కొందరందురు. మేము అంగీకరింపము. పేరు లోకమంతట ఒకటిగా నుండుటయే మేలు. అర్థము మాత్రము మాతృభాషలో అందవలెను. లేనిచో గ్రామములనుండి వచ్చిన పిల్లవాడు ఆ శబ్దములకు జడిసి శాస్త్రమునకే దూరమగును. అట్టివారిని మేము చూచితిమి.

కమిటీ పెద్దలకు మా మనవి: ప్రతి సీసాపై పేరుక్రింద దాని అర్థమును తెలుగున, ఉర్దూలో వ్రాయించుడు. ఏటికొకసారి విద్యార్థులను మచిలీపట్నపు తీరమునకు పంపుడు. విద్యార్థులారా! పరీక్షకు పాఠములోనిది వ్రాయుడు; శాస్త్రము అచ్చటనే ఆగినదని మాత్రము నమ్మకుడు. ఈ వానకాలము మీ చేనిలో వానపాము కనబడినచో ఒక్క నిమిషము నిలిచి చూడుడు.